పట్టాల నడుమ రవ్వంత సందు

కిందటి మే నెలలో కరీంనగర్‌లోని మా యింటి డాబా మీద ఒక రైలు ప్రమాదం జరిగింది. ప్రాణనష్టం లేదు. ఇంజనూ, మూడు పెట్టెలూ బల్ల మీదినుంచి కింద పడ్డాయి. ఇంజనుకు పొగగొట్టం విరిగింది. ఆస్తినష్టం ఎంతో మా ఆవిడ దగ్గర పైసలతో సహా లెక్క వుంది గాని, అది ఇక్కడ అప్రస్తుతం.

సంగతేమిటంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడికి రైళ్ల పిచ్చి. తాళం తిప్పితే గిరగిర తిరిగే ఆటబొమ్మ రైలు కాదు సుమా! అసలు రైలును 87వ వంతుకు తగ్గించి, అన్ని అంగాలూ ఆ కొలతకే అమర్చిన నమూనా రైలు. దానికి పట్టాలు, స్లీపర్లు, స్టేషను అన్నీ వుంటాయి. పుణెలో జోషీ గారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల చూసి వచ్చిన నాటినుంచి వాడికి నిద్ర లేదు. డాబా మీది రేకుల గదిలో రెండు ప్లైవుడ్ పలకలు పరిచి, ఏడాదిపాటు దాచుకున్న డబ్బులతో పట్టాలు కొని, అక్కడో పెద్దపల్లి జంక్షను కట్టాడు.

పట్టాకూ పట్టాకూ నడుమ వెంట్రుక దూరనంత దగ్గరగా చేర్చి, ప్రతి అతుకునూ తగరంతో మాటు వేశాడు. కరెంటు నిరాటంకంగా పారాలని వాడి వుద్దేశం. ఏప్రిల్ అంతా రైలు నీళ్ల మీద నావలా సాగింది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం పైకి వెళ్లి చూస్తే, రెండు మీటర్ల తిన్నని లైను కాస్తా విల్లులా వంగి పక్కకు జరిగి వుంది. వాడది చూసుకోకుండా బండి వదిలాడు. తరువాతి కథ మీకు తెలిసిందే.

ఆ వేళ పెళ్లి పిలుపులకని వచ్చిన మా మేనమామ ఇంట్లోనే వున్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమన్‌గా విరమించిన మనిషి. ఏడుపు మొహంతో వున్న మావాణ్ణి పక్కకు జరిపి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పట్టా వెంబడి చూపు సారించాడు. తరువాత వేలితో ఒక్కొక్క అతుకూ తడిమాడు.

"సందేదిరా మనుమడా?" అన్నాడు.

"సందెందుకు తాతా? సందుంటే బండి ఎగురుతది గద!"

"ఎండకు ఇనుము పెరుగుతది బిడ్డా. పెరిగినదానికి నువ్వు జాగ ఇయ్యకపోతే, అదే జాగ జేసుకుంటది."

ముప్ఫయ్యేళ్లు పట్టాల మీద నడిచి ఆయన నేర్చిన పాఠం ఆ రెండు మాటల్లో వుంది. ఇరవయ్యేళ్లుగా సంధి ప్రకరణం చెబుతున్న నాకు, ఇనుముకు కూడా సంధి కార్యం వుంటుందని ఆ రోజే తెలిసింది.

ఎంత పెరుగుతుంది?

ఉక్కు పెరుగుదల కంటికి ఆనేది కాదు. ఒక డిగ్రీ వేడి ఎక్కితే మీటరు పొడవుకు మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త పైన, అంతే. అయితే పట్టా ఒక మీటరూ కాదు, మన ఎండ ఒక డిగ్రీ ఎక్కి వూరుకునేదీ కాదు.

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల ఎండల సంగతి వేరే చెప్పాలా? వేసవిలో నీడపట్టున 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో పడివున్న ఉక్కు గాలికంటె ఇంకా 15, 20 డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. అదే ఆదిలాబాద్‌లో పుష్యమాసపు తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకు దిగిన రోజులున్నాయి. అంటే ఒకే పట్టా ఏడాదిలో 50 డిగ్రీలకు పైగా వేడినీ చలినీ చవిచూస్తుందన్నమాట. మన పాత లైన్లలో ఒక్కో పట్టా 13 మీటర్లు. ఆ పట్టా 50 డిగ్రీల తేడాకు ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. కిలోమీటరు పొడవున ఏకఖండంగా వదిలేస్తే అర మీటరుకు మించి సాగుతుంది.

ఏడున్నర మిల్లీమీటర్లేగా అని తీసిపారేయకండి. అసలు చిత్రం ఇక్కడే వుంది. రెండు కొనలూ కదలకుండా బిగించిన 20 మీటర్ల లైను అయిదే అయిదు మిల్లీమీటర్లు పెరిగిందనుకోండి. ముందుకు పోవడానికి దారి లేదు గనుక పక్కకు వంగుతుంది. అలా వంగితే నడిమి భాగం సుమారు 19 సెంటీమీటర్లు, అంటే జానెడు పక్కకు జరుగుతుంది! పెరిగింది వేలి గోరంత, పొంగింది జానెడు. మావాడి రెండు మీటర్ల లైనులో జరిగిందీ ఇదే. పెరిగింది ఒక మిల్లీమీటరు కూడా లేదు. వంకర మాత్రం అంగుళం దాకా వచ్చింది.

చేప పలకలు

ఈ చిక్కు రైళ్లు పుట్టిన నాటినుంచీ వుంది. పట్టా చివర పట్టా పెట్టి, నడుమ కొంచెం సందు వదిలి, రెంటినీ కలిపి పట్టుకునే వుపాయం కావలసివచ్చింది. 1847లో ఇంగ్లండులో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్, రాబర్ట్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ఒక జత ఇనుప పలకలకు పేటెంటు తీసుకున్నారు. అతుకుకు ఇరుపక్కలా చెరో పలకా పెట్టి బోల్టులు బిగిస్తారు. వాటి పేరు ఫిష్ ప్లేట్లు. పేరులో చేప వున్నా, అవి చేప ఆకారంలో వుండవు. ఓడ స్తంభం చీలినప్పుడు దన్నుగా కట్టే కర్రను నావికులు ఆ పేరుతో పిలిచేవారు. ఆ మాట నీళ్లు దాటి నేలకెక్కింది.

ఈ పలకల్లోని తెలివంతా బోల్టు కన్నాల్లో వుంది. కన్నం బోల్టు కంటె కాస్త పెద్దది. అంచేత పట్టాలు పక్కకు తొలగవు, కిందికి దిగవు. కాని ముందుకూ వెనక్కూ ఆ రవ్వంత మేర జరగగలవు. మా వ్యాకరణంలో రెండు అచ్చులు ఎదురుపడి, సంధి జరగని చోట నడుమ యకారం వచ్చి నిలుస్తుంది. 'మా అమ్మ' అన్నది 'మా యమ్మ' అవుతుంది. రెండు అచ్చులూ ఎక్కడివక్కడే వుంటాయి, మాట మాత్రం తెగదు. చేప పలక పట్టాలకు యడాగమం వంటిది.

కాజీపేట, బల్లార్షా లైను 1929లో పూర్తయింది. దానితో మద్రాసునుంచి ఢిల్లీకి మన పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరుల మీదుగా తిన్నని దారి ఏర్పడింది. ఆ దారిన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారికి పట్టాల పాట గుర్తుండే వుంటుంది. చక్రం ప్రతి సందునూ దాటినప్పుడు ఒక దెబ్బ. ముందు ఇరుసు, వెనక ఇరుసు కలిసి 'టకటక, టకటక' అని తాళం. ఆ పాటకు నిద్రపోని పిల్లవాడుండేవాడు కాడు. మా చిన్నతనంలో ఆ దెబ్బలు లెక్కపెట్టి బండి వేగం కట్టేవాళ్లం. 13 మీటర్ల పట్టాలు గనుక నిమిషానికి 77 దెబ్బలు పడితే కిలోమీటరు నడిచినట్టు.

వినేవారికి పాటే గాని, పట్టాకు అది సమ్మెట దెబ్బ. ప్రతి చక్రమూ కొనలను మోదుతుంది. కొనలు అణుగుతాయి, బోల్టులు వదులవుతాయి, బోల్టు కన్నాల దగ్గర పగుళ్లు పుడతాయి. అందుకే కీమన్ అనే వుద్యోగం పుట్టింది. సుత్తి, స్పానరు, రెండు ఎర్ర జెండాలు, ఒక పచ్చజెండా పట్టుకుని, రోజూ తన హద్దులో ఒక పట్టా చూస్తూ వెళ్లి, రెండో పట్టా చూస్తూ తిరిగి రావాలి. చలికాలంలో పలకలు విప్పి నూనె పూయాలి. లేకపోతే అవి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. సందు వున్నా లేనట్టే.

సందు మాయమైంది

ఇప్పుడు ఆ లైనులో ప్రయాణం చేయండి. పాట లేదు. పాయింట్ల దగ్గరో, స్టేషను మొగదలలోనో తప్పితే టకటక వినిపించదు. పెద్దపల్లినుంచి మా కరీంనగర్ మీదుగా నిజామాబాద్ దాకా వేసిన లైను 2017లో పూర్తయింది. దాని మీద పెరిగిన పిల్లలకు రైలుకు ఒకప్పుడు తాళం వుండేదంటే ఆశ్చర్యంగా వుంటుంది.

పట్టాలను అతికివేస్తున్నారు. భిలాయి ఉక్కు కర్మాగారంలో 260 మీటర్ల పొడవు పట్టాలనే తయారుచేసి పంపుతున్నారు. వాటిని లైను మీద మళ్లీ అతుకుతారు. అల్యూమినియం పొడినీ ఇనుప ఆక్సైడునూ కలిపి అంటిస్తే రెండున్నర వేల డిగ్రీల వేడి పుట్టి, ఇనుము కరిగి సందులోకి పోతుంది. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ కనిపెట్టిన ఈ పద్ధతితో 1899లోనే ఎస్సెన్ నగరంలో ట్రాము పట్టాలు అతికారు. ఇప్పుడు మన దగ్గర కిలోమీటర్ల కొద్దీ పట్టా ఏకఖండంగా సాగిపోతోంది.

మరి పెరుగుదల ఎక్కడికి పోయింది? ఇదే ప్రశ్న మా మామ తన పై అధికారిని అడిగాడట. "సందు లేకుంటే పట్టా పగులదా సారూ?" అని.

పోలేదు. లోపలే వుంది. మన పల్లెల్లో కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టా తొడగడం చూశారు గదా. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పెరిగిన పట్టాను చక్రానికి దిగవేసి, చప్పున నీళ్లు చల్లుతాడు. ఇనుము తిరిగి కురచ కావాలని చూస్తుంది. కర్ర చక్రం కానివ్వదు. ఆ పోట్లాటే చక్రాన్ని పది పదిహేనేళ్లు బిగించి వుంచుతుంది. రైలు పట్టాదీ అదే తంతు. బాగా వేడీ బాగా చలీ కాని ఒక మధ్యస్థమైన వేడి చూసి, ఆ వేడిలో పట్టాను స్లీపర్లకు బిగించేస్తారు. ఆ తరువాత వేసవిలో అది పెరగాలని చూస్తుంది, స్లీపర్లు పోనివ్వవు. చలికాలంలో కురచ కావాలని చూస్తుంది, అవి కానివ్వవు. పెరగవలసిన పొడవంతా పట్టా కడుపులో ఒత్తిడిగా మారుతుంది.

ఆ ఒత్తిడి కొద్దిపాటిది కాదు. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఒక్కొక్క డిగ్రీకి 1.8 టన్నుల పైచిలుకు బలం పుడుతుంది. 40 డిగ్రీల వద్ద బిగించిన పట్టా 60 డిగ్రీలకు కాగితే దానిలో 37 టన్నుల తోపుడు. పక్క పట్టాలోనూ అంతే. ఈ బలాన్ని పట్టి ఆపుతున్నవి కిలోమీటరుకు సుమారు 1660 చొప్పున పరిచిన కాంక్రీటు స్లీపర్లు, వాటి చుట్టూ పోసిన కంకర. రైలు కిటికీలోంచి చూసి ఆ కంకర ఎందుకో అనుకుంటాం. పట్టా విల్లు కాకుండా పక్కనుంచి పట్టుకున్న చేతులవి.

అయినా సందు లేకుండా పోలేదు. కిలోమీటర్ల కొద్దీ సాగిన ఆ పట్టా రెండు చివరలా సుమారు వంద మీటర్ల మేర మాత్రం కదులుతుంది. ఆ భాగాన్ని ఇంజనీర్లు 'ఊపిరి తీసుకునే నిడివి' అంటారు. అక్కడ ఎక్స్‌పాన్షన్ జాయింటు వుంటుంది. చేప పలకల అతుకులా అడ్డంగా తెగి వుండదు. ఒక పట్టా కొన నాలుకలా సన్నగా చెక్కి, రెండోదాని పక్కన ఒరుసుకునేలా పెడతారు. ఎండకు నాలుక ముందుకు, చలికి వెనక్కు జరుగుతుంది. చక్రం మాత్రం ఒకదాని మీదినుంచి రెండోదాని మీదికి దెబ్బ తగలకుండా జారిపోతుంది. పెద్ద వంతెనల దగ్గర కూడా ఇవి కనిపిస్తాయి. పట్టాతో పాటు వంతెన గర్డరూ పెరుగుతుంది గదా! అందుకే గర్డరుకు ఒక కొన స్థిరంగా బిగించి, రెండో కొన జరిగేలా వదులుతారు.

ఆ మధ్యాహ్నం

డాబా మీద ఇదంతా చెప్పి, మామ కాసేపు వూరుకున్నాడు. తరువాత మావాడితో, "నీ బండి పడ్డది, ఏం గాలే. నాకొక్కసారి నిజంగనే గిట్లయింది," అన్నాడు.

అది 2003 మే నెల. ఆ వేసవి వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పట్టా వేడి ఒక హద్దు దాటితే మధ్యాహ్నం పూట లైను వెంట మనుషులు తిరగాలి; దాన్ని ఎండ గస్తీ అంటారు. మామ తలకు తడి తువ్వాల చుట్టుకుని గస్తీకి బయలుదేరాడు. పశువులు దాటి దాటి కంకర పలచబడిన ఒక చోట, స్లీపర్ల కొనల పక్క వేలెడు సందు కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. ముందు ఎండమావి అనుకున్నాడు. ఎండమావి కదులుతుంది, ఈ మెలిక కదలలేదు.

బండి వచ్చే వేళ. ఎర్రజెండా విప్పి, బండి వచ్చే దిక్కుకు పరుగెత్తాడు. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాసు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పటాసులు పెట్టాలని నిబంధన. చక్రం ఎక్కగానే అవి పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. చెప్పు ఒకటి కంకరలో వుండిపోయింది. వెనక్కి తిరగలేదు. మూడో పటాసు పెట్టేసరికి బొగ్గు బండి కూత వినిపించింది.

బండి ఆగింది. డ్రైవరు దిగివచ్చి, మొదట తన నీళ్ల సీసా చేతికిచ్చాడట. తరువాత గ్యాంగు వచ్చి, మెలిక తిరిగిన చోట పట్టా కోసి, ముక్క తీసి, రవ్వంత సందు వదిలి, చేప పలకలు బిగించారు. వద్దనుకుని వదిలేసిన పలకే ఆ వేళకు దిక్కయింది. బొగ్గు బండి దాని మీదుగా నడక వేగంతో వెళ్లిపోయింది.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం మామా?" అన్నాను.

"చెప్పేటిదేముంది అల్లుడా? బండి పోయింది గద," అన్నాడు.

2003లో నేను వరంగల్లులో ఎం.ఏ. చదువుతున్నాను. ఆయన పంపిన డబ్బుతోనే పరీక్ష ఫీజు కట్టాను. మీ మామగారేం చేస్తారని స్నేహితులెవరైనా అడిగితే, "రైల్వేలో" అని చెప్పి మాట మార్చేవాణ్ణి. పట్టాల మీద నడవడం కూడా ఒక వుద్యోగమా అని నాకు లోలోపల చిన్నతనంగా వుండేది. ఆ రోజు డాబా మీద, ఆయన పాదాల వైపు చూడడానికి నాకు మొహం చెల్లలేదు. కుడి పాదం కింద కాలిన మచ్చ ఇప్పటికీ వుంది. అది చిన్నప్పుడు పొయ్యిలో కాలు పెట్టుకున్నదని మా అమ్మ ఈ నాటికీ అనుకుంటోంది.

నమూనా లైను మరమ్మతు

మర్నాడు తాతా మనుమడూ కలిసి లైను బాగుచేశారు. చిన్న రైలుకూ పెద్ద రైలుకూ వున్న తేడాలు అప్పుడు బయటపడ్డాయి. రైలును 87వ వంతుకు తగ్గించవచ్చు గాని ఎండను తగ్గించలేం. పైగా ఈ చిన్న పట్టాలది నికెల్ సిల్వర్ అనే లోహం. పేరులో వెండి వుంది గాని లోపల వుండేది రాగి, నికెలు, జింకు. అది ఉక్కుకంటె ఎక్కువగానే పెరుగుతుంది. ఇంకొక శత్రువు కూడా వుంది, అది చెక్క. పట్టాకు ఎండ దెబ్బ అయితే పలకకు తేమ దెబ్బ. వానాకాలంలో వుబ్బుతుంది, వేసవిలో ఎండి కురచ అవుతుంది. పట్టా పెరిగే వేళకే పలక తగ్గితే ఇక చెప్పేదేముంది!

అంచేత అక్కడక్కడా మాటు విడదీశారు. అతుకు దగ్గర పోస్టుకార్డు అడ్డం పెట్టి, దాని మందాన సందు వదిలారు. పట్టాలను కలిపే చిన్న తొడుగును ఒక పక్కకు అంటకుండా జారేలా వుంచారు. అలా వదిలితే కరెంటు తెగుతుందని మావాడి భయం. దానికీ దారి వుంది. సందుకు ఇరుపక్కలనుంచీ కాస్త వదులుగా సన్నతీగెలు మాటు వేసి, బల్ల కిందుగా కరెంటు అందించారు. పట్టా కదిలినా తీగె తెగదు.

అంతటితో ఆగలేదు. 13 మీటర్లను 87తో భాగిస్తే సుమారు 15 సెంటీమీటర్లు. మావాడు ఆకురాయితో ప్రతి 15 సెంటీమీటర్లకూ పట్టా పై అంచున వెంట్రుకవాసి గాటు పెట్టాడు. ఇది పెరుగుదల కోసం కాదు, పాట కోసం.

సాయంత్రం విరిగిన పొగగొట్టంతోనే బండి బయలుదేరింది. టకటక, టకటక. మా మామ కళ్లు మూసుకుని రెండు చుట్లు విన్నాడు. మూడో చుట్టులో కళ్లు తెరిచి, "కంకరేదిరా? రేపు పొద్దుగాల ఇసుక జల్లెడ పట్టుకరా," అన్నాడు.

వేసవిలో మీరు మంచిర్యాల వైపో, సిర్పూరు వైపో రైలులో వెళితే, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో కిటికీ రెక్క కాస్త ఎత్తి చూడండి. తలకు తువ్వాల, చంకలో చుట్టిన జెండాలతో పట్టా పక్కగా నిలబడి మన బండికి దారి ఇస్తున్న మనిషి కనిపిస్తాడు. మన బండి చప్పుడు లేకుండా సాగిపోతోందంటే, పొద్దున్నుంచీ అతను ఆ దారంతా ఒకసారి నడిచి చూశాడన్నమాట.